చేదు కాసే కాపలా

తాండూరు నాపరాయి పరిచిన వంటింటి గట్టు మీద నిమ్మకాయో నారింజో కోసి, కారిన రసం తుడవడం మరిచిపోతే కాసేపటికి అక్కడ రాయి నిగనిగ పోయి పాలిపోయిన మచ్చ పడుతుంది. ఎంత తోమినా ఆ మచ్చ పోదు. తాండూరు బండ సున్నపురాయి జాతిది. పుల్లటి రసంలోని ఆమ్లం తగలగానే పైపొర కరుగుతుంది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లకు ఈ సంగతి రసాయనశాస్త్రం చదవకుండానే తెలుసు, అందుకే పులుపు కోసేటప్పుడు కింద పళ్లెం పెడతారు. పండు తన గుణాన్ని దాచుకోదు. రాయికి తగిలితే రాయి మీద, నాలుకకు తగిలితే నాలుక మీద వెంటనే చెప్పేస్తుంది. తాగే పానీయం కూడా అలాగే ఉండాలన్నది ఈ వ్యాసం వాదన. గ్లాసులో ఏముందో నాలుక పట్టుకోగలగాలి, ఎంత చాలో నాలుకే చెప్పగలగాలి. ఆ పనికి చేదును మించిన కాపలాదారు లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసంతో, అతి తక్కువ మద్యంతో చేసే చేదు కాక్‌టెయిల్ గురించి వికారాబాద్, తాండూరు పాఠకులతో మాట్లాడటానికి కారణం అదే. ఆ పానీయం వెనకున్న ఆలోచన పెద్ద నగరాల బార్లకంటే మన కల్లు దుకాణాలకే ఎక్కువ అవసరం.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సాధారణంగా 42.8 శాతం మద్యంతో ఉంటాయి. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో దాదాపు 26 మిల్లీలీటర్ల శుద్ధ మద్యం ఉంటుందన్నమాట. 8 శాతం దాకా ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద పెగ్గులకు సమానం. ‘బీరే కదా’ అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. ఇప్పుడు చేదు కాక్‌టెయిల్ చూడండి. ఇటలీలోని నొవారాలో 1860లో పుట్టిన కాంపారీ లాంటి ఎర్రటి చేదు మద్యం సుమారు 25 శాతం ఉంటుంది. అది 25 మిల్లీలీటర్లు, గ్రేప్‌ఫ్రూట్ రసం 100, సోడా 75 కలిపితే 200 మిల్లీలీటర్ల గ్లాసు తయారవుతుంది. అందులో మద్యం ఆరు మిల్లీలీటర్ల పైచిలుకు, మొత్తం మీద మూడు శాతం. పెద్ద పెగ్గులో నాలుగో వంతు కూడా లేదు. అయినా ఆ గ్లాసు పలచగా, నీళ్లనీళ్లగా తోచదు. మద్యం తగ్గిన చోటును చేదు నింపుతుంది.

తక్కువ మద్యం అనే మాట మనకు కొత్త కాదు. వికారాబాద్ జిల్లాలో ఈత చెట్టుకూ తాటి చెట్టుకూ లొట్టి కట్టిన నాటి నుంచి మన పానీయం అదే. చెట్టు నుంచి కారే నీరా తియ్యగా ఉంటుంది. లొట్టిలోనూ గాలిలోనూ ఉండే ఈస్టు దాన్ని పట్టుకోగానే చక్కెర మద్యంగా మారడం మొదలవుతుంది. పొద్దున్నే దించిన కల్లులో తీపి ఇంకా మిగిలే ఉంటుంది. ఎండెక్కేకొద్దీ తీపి తరిగి ఘాటు పెరుగుతుంది, సాయంత్రానికి పులుపు తిరుగుతుంది. మామూలుగా దాని బలం నాలుగైదు శాతం దగ్గర తిరుగుతుంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చెట్టు కల్లు తన వయసును తానే చెప్తుంది. తీపి తగ్గితే మద్యం పెరిగిందని, పులుపు పెరిగితే పొద్దుపోయిందని ఒక్క గుక్కతో తెలిసిపోతుంది. అలవాటైన వాళ్లు వాసన చూసే ఇది పొద్దుటిదో మాపటిదో చెప్పగలరు. ఎంత తాగాలో చెప్పే సూచీ ఆ రుచిలోనే ఉంది. పాతకాలపు కల్లు తాగుడును మరీ పొగడాల్సిన పని లేదు. తాగి కూలిన సంసారాలు అప్పుడూ ఉన్నాయి. కానీ ఆ పానీయానికీ తాగేవాడి నాలుకకూ మధ్య అబద్ధం లేదు.

ఆ అబద్ధం మందు కల్లుతో వచ్చింది. చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగి, దుకాణానికి చాలినంత కల్లు దొరకనప్పుడు నీళ్లకు మత్తు ఎక్కించడం మొదలైంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ అనే పేర్లు తెలంగాణ ఎక్సైజ్ కేసుల్లో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉన్నాయి. ఇవి నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు కొలిచి ఇచ్చే మందులు. వీటికి తమవైన చేదు, ఘాటు ఉంటాయి. అలాగే కలిపితే మొదటి గుక్కకే నోరు వద్దంటుంది. అందుకే సాక్రిన్ కలుపుతారు. మత్తుమందు నరాల మీద పనిచేస్తే, సాక్రిన్ నాలుక మీద పనిచేస్తుంది. ఒకటి మనిషిని పడగొడుతుంది, రెండోది కాపలావాణ్ని నిద్రపుచ్చుతుంది. 2021 జనవరిలో వికారాబాద్, నవాబ్‌పేట మండలాల పల్లెల్లో కల్లు తాగిన వందమందికి పైగా జనం వాంతులతో, తల తిరుగుడుతో ఆసుపత్రులకు చేరారు. ఒక మరణం కూడా వార్తల్లోకెక్కింది. అధికారులు కల్లు నమూనాలు తీసి పరీక్షలకు పంపారు. మందు కల్లుకు అలవాటు పడిన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోయినా ప్రమాదమే. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనిపించడం లాంటి లక్షణాలతో వచ్చిన రోగులను మన జిల్లా ఆసుపత్రులు చాలాసార్లు చూశాయి. ఒక పానీయం ఎంత ప్రమాదకరమో దాని మద్యం శాతం ఒక్కటే చెప్పదని వీళ్లను చూస్తే అర్థమవుతుంది. అందులో ఏం దాచారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఇంతకీ చేదుకు ఆ కాపలా గుణం ఎక్కడిది? తీపిని గుర్తించే ఏర్పాటు మన నాలుకకు దాదాపు ఒక్కటే. చేదును గుర్తించడానికి మాత్రం సుమారు పాతిక రకాల గ్రాహకాలున్నాయి. చెట్టూ చేమలో విషాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి కాబట్టి, అడవిలో ఆకూ కాయా తిని బతికిన జీవికి ఆ కాపలా అవసరమైంది. పసిపిల్ల నోట్లో తీపి పెడితే చప్పరిస్తుంది, చేదు పెడితే మొహం చిట్లించి ఉమ్మేస్తుంది. ఎవరూ నేర్పకుండా వచ్చిన తెలివి అది. పెద్దయ్యాక ఆ హెచ్చరికను వినడమూ నేర్చుకుంటాం, దానితో బేరమాడటమూ నేర్చుకుంటాం. కాకరకాయ, మెంతికూర, కాఫీ అలా ఇష్టమైనవే. అయితే ఇష్టమైన చేదు కూడా వేగాన్ని మాత్రం ఒప్పుకోదు. తియ్యటి కూల్‌డ్రింకు గటగటా తాగేయగలం, వేపపువ్వు చారు అలా తాగలేం. నోరూరి, కాస్త ఆగి, మళ్లీ ఓ గుక్క వేస్తాం. మద్యం రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది. ఆ లోపే రెండో గ్లాసు, మూడో గ్లాసు లోపలికి పోవడమే అసలు చిక్కు. చేదు ఆ మధ్య సమయాన్ని తాగేవాడికి తిరిగి ఇస్తుంది.

గ్రేప్‌ఫ్రూట్ పేరులో ద్రాక్ష ఉన్నా ద్రాక్షకూ దానికీ సంబంధం లేదు. కాయలు గుత్తులుగా వేలాడతాయని ఆ పేరు పెట్టారంటారు. అది పంపర పనసకూ తీపి నారింజకూ పుట్టిన సంతానం. 18వ శతాబ్దంలో కరీబియన్ దీవి బార్బడోస్‌లో వెలుగులోకి వచ్చింది. తల్లి వంకనున్న పంపర పనస మాత్రం మన పెరళ్లకు పాత చుట్టమే. గ్రేప్‌ఫ్రూట్ మన బజారులో అరుదు, దొరికినా ఖరీదు. పంపర పనసతో ఆ పని చాలావరకు నెరవేరుతుంది. రెండింటిలో చేదు ప్రధానంగా నారింజిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది రసంలో కంటే తొక్క లోపలి తెల్లటి దూదిలో, తొనల మీది పొరలో ఎక్కువ. నిమ్మజాతి పండ్లలో ఇంకో చేదూ ఉంది, దానిపేరు లిమోనిన్. బత్తాయి రసం తీసి అరగంట పక్కన పెడితే చేదెక్కడం అందరికీ తెలిసిందే. పండులో ఉన్నప్పుడు చేదులేని ఒక పదార్థం, రసం పిండగానే పులుపుతో కలిసి మెల్లమెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. జ్యూస్ బండి దగ్గర ‘పిండగానే తాగేయండి’ అనడంలో ఉన్న శాస్త్రం ఇదే. చేదు కావాలనుకునేవాడికి అదే సూత్రం తిరగేసి పనికొస్తుంది.

ఇక తయారీ. పళ్లెం కింద పెట్టుకుని పంపర పనసను తలా తోకా కోసి, నిలువుగా గాట్లు పెట్టి మందపాటి తొక్క ఒలవాలి. తొనలు విడదీసి, మీది పొర చీల్చి, లోపలి ముత్యాల్లాంటి గుజ్జును వేళ్లతో రాల్చాలి. గుజ్జును గుడ్డలో వేసి పిండితే రసం వస్తుంది. మిక్సీలో వేస్తే గింజ కూడా నలిగి రుచి మొరటుగా తయారవుతుంది. చేదు చాలదనిపిస్తే రెండు తొనల పొరలను పది నిమిషాలు రసంలో నాననిచ్చి తీసేయాలి. చేదు ఎక్కువైతే చక్కెర డబ్బా దగ్గరికి పోకుండా చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు చేదును అణచి, దాని వెనక దాగిన తీపిని పైకి తెస్తుంది. గ్లాసు అంచుకు ఉప్పు అద్ది గ్రేప్‌ఫ్రూట్ రసంతో ఇచ్చే సాల్టీ డాగ్ అనే కాక్‌టెయిల్ నిలబడింది ఈ సూత్రం మీదే, జామకాయకు మనం ఉప్పు అద్దుకునేదీ అందుకే. ఇటలీ మద్యం మన ఊళ్ల వైన్ షాపుల్లో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. చెట్టు దగ్గరే, తెలిసిన గీత కార్మికుడు పొద్దున దించిన కల్లు దొరికితే 100 మిల్లీలీటర్ల కల్లుకు 100 మిల్లీలీటర్ల రసం కలపండి. పొద్దుటి కల్లులో మిగిలిన తీపి పండు చేదుకు సరిగ్గా తూగుతుంది. కల్లు నాలుగు శాతం ఉందనుకుంటే గ్లాసులో రెండు శాతమే. పైన తొక్క ముక్కను రెండు వేళ్లతో వంచి నొక్కితే సన్నటి నూనె తుంపర రసం మీద పడి, గ్లాసు నోటిదాకా రాకముందే వాసన వస్తుంది.

‘చేదు మనవాళ్లకు ఎక్కదండీ, తియ్యగా ఉంటేనే అమ్ముడుపోతుంది’ అనే మాట ముందుగా వినిపిస్తుంది. అమ్మకం సంగతి వరకూ అది నిజమే కావచ్చు. కానీ రుచి సంగతి అలా లేదు. కొత్త సంవత్సరం మొదటి ముద్దలో వేపపువ్వు వేసుకుని తినే జనం మనం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందిపప్పులో మెంతికూర వేసి వండుకునే ఇల్లు ఇక్కడ వెతకనక్కర్లేదు. చేదు మనకు వంటలో అలవాటే, గ్లాసులోకి రావడమే తరువాయి. నిజానికి లోకంలో చాలా చేదు పానీయాలు మందుగానే పుట్టాయి. అంగోస్టురా బిట్టర్స్‌ను 1824లో వెనిజులాలో ఒక సైనిక వైద్యుడు కడుపు బాధల కోసం చేశాడు. టానిక్ వాటర్‌లోని చేదు మలేరియా మందు క్వినైన్‌ది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. చేదును మందుగా మింగడం తెలిసిన నేలకు దాన్ని రుచిగా తాగడం నేర్పడం కష్టం కాదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే పదునైనది. చేదు మందును చేదు పానీయంలో దాచడం ఇంకా సులువు కదా, అప్పుడు నీ కాపలాదారే దొంగకు తలుపు తీసినట్టు కాదా? ఈ ప్రశ్నకు జవాబు గ్రేప్‌ఫ్రూట్ చరిత్రలోనే ఉంది. కెనడాలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకూ మద్యానికీ పొంతన ఎలా ఉంటుందో పరీక్షించింది. మద్యం ఇచ్చినదెవరికో ఇవ్వనిదెవరికో తెలియకూడదని, ఆ రుచి కప్పడానికి గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. తీరా చూస్తే రక్తంలో మందు మోతాదు ఊహించినదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ తేలింది. 1989లో వచ్చిన ఆ అధ్యయనం తర్వాత వెతికి, తప్పు మద్యానిది కాదు, రుచి దాచడానికి వాడిన రసానిదేనని 1991లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. దాచడానికి తెచ్చినదే అసలు పని చేసి కూర్చుంది. కాబట్టి చేదు ఒక్కటే చాలదన్న ఆక్షేపణ సరైనదే. చేదు కాపలా పనిచేయాలంటే గ్లాసు మన కళ్లముందు తయారుకావాలి. పండు మనం కోయాలి, సీసా మూత మనం తీయాలి, కల్లు చెట్టు దిగడం మనం చూడాలి. ఎవరో కలిపి తెచ్చినది చేదుగా ఉన్నా తియ్యగా ఉన్నా నమ్మకూడదు. నా వాదనలో చేదు సగం, బహిరంగం సగం.

అదే ప్రయోగం నుంచి ప్రతి ఇంటికీ చెందిన ఒక హెచ్చరిక కూడా వస్తోంది. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు మన పేగు గోడలోని ఒక ఎంజైమును పనికిరాకుండా చేస్తాయి. చాలా మందులను ఒంట్లోకి చేరకముందే కొంత విరిచేసేది ఆ ఎంజైమే. అది పడిపోతే మామూలు మాత్రే అధిక మోతాదు అవుతుంది. ఎంజైమును శరీరం మళ్లీ కొత్తగా తయారు చేసుకోవాలి గనుక ఒక్క గ్లాసు ప్రభావం ఒక రోజుకు పైగా ఉంటుంది. పొద్దున రసం తాగి, మాత్ర రాత్రి వేసుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, కొన్ని బీపీ మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు ఈ జాబితాలో ఉన్నాయి. పంపర పనసలోనూ ఆ పదార్థాలు ఉంటాయి. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ గ్లాసు ముట్టకూడదు. తీపి నారింజ జాతికి చెందిన మన బత్తాయిలో అవి చెప్పుకోదగ్గ మేర ఉండవు. బత్తాయి రసాన్ని కాసేపు నిలవుంచి, దాని సొంత చేదుతో సోడా కలుపుకోవడం వాళ్లకు మెరుగైన దారి.

‘అసలు మద్యమే వద్దు కదా, తక్కువ ఎక్కువల లెక్క ఎందుకు?’ అనేవాళ్లున్నారు. వాళ్లతో పేచీ లేదు. ఏ కొద్ది మద్యమూ ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మద్యం క్యాన్సర్ కారకమన్నది ఎప్పుడో తేలిన విషయం. తక్కువ అంటే లేదని కాదు. గర్భిణులు, పిల్లలు, కాలేయ జబ్బున్నవాళ్లు, బండి నడపాల్సినవాళ్లు రెండు శాతం గ్లాసు కూడా తాగకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే చట్టం తప్పంటుంది. అనంతగిరి కొండ మలుపులు అంతదాకా కూడా ఓపిక పట్టవు. కానీ ఈ ఆక్షేపణ చేదు పానీయాన్ని ఓడించడం లేదు, ఇంకా గట్టిపరుస్తోంది. ఈ గ్లాసులో నాలుకకు పని కల్పించేది చేదు, పులుపు, ఉప్పు, తొక్క వాసన. కాబట్టి మద్యం పూర్తిగా తీసేసినా గ్లాసు కూలిపోదు. పంపర పనస రసం, టానిక్ వాటర్ సగం సగం, చిటికెడు ఉప్పు. పెళ్లి విందులో పెగ్గు వద్దన్నవాడి చేతికి తియ్యటి రంగునీళ్లు ఇచ్చి పిల్లల వరుసలో కూర్చోబెట్టడం కంటే ఈ గ్లాసు ఇవ్వడం మర్యాద. విస్కీలోంచి విస్కీ తీసేస్తే ఏమీ మిగలదు, ఇందులోంచి మద్యం తీసేసినా పానీయం మిగులుతుంది. పానీయం గట్టిదో కాదో చూడటానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

చివరి మాట డబ్బుది. హైదరాబాద్ నుంచి వారాంతానికి అనంతగిరి రిసార్టులకు వచ్చేవాళ్ల ముచ్చట ఇది, నాపరాయి గనిలో రోజంతా బండ కోసి కల్లు దుకాణం మెట్టెక్కే కూలీకి పంపర పనస పిండుకునే తీరిక ఎక్కడిదని అడగొచ్చు. తీరిక లేదు, నిజమే. ఒళ్లు నొప్పులకు తక్కువ ధరలో తొందరగా మత్తు కావాలన్న అవసరమే మందు కల్లు బేరాన్ని నిలబెట్టింది. ఒక పానీయం తయారీ నేర్పి ఆ అవసరాన్ని తీర్చలేం. ఈత, తాటి వనాలు పెరగాలి, గీత కార్మికుడికి నిజమైన కల్లు మీద గిట్టుబాటు రావాలి, దుకాణాల్లో నమూనాల పరీక్ష ప్రమాదం జరిగిన మర్నాడే కాకుండా ప్రతి వారం జరగాలి. అయితే రిసార్టులో గ్లాసుకూ దుకాణంలో సీసాకూ ఒకే కొలత పెట్టమని అడగడం మాత్రం కూలీ హక్కు. ఇందులో ఏముంది, ఎంతుంది, ఎవరు కలిపారు? డబ్బున్నవాడు మెనూ కార్డులో చదువుకునే ఈ మూడు ముక్కలు సీసా కల్లు తాగేవాడికి కూడా తెలియాలి.

మళ్లీ ఆ వంటింటి గట్టు దగ్గరికే వెళదాం. పండు రసం బండ మీద పడగానే మచ్చ వేసింది, తన గుణం అప్పుడే చెప్పేసింది. ఇంటివాళ్లు కిందికి పళ్లెం పెట్టడం నేర్చుకున్నారు. మందు కల్లు నాలుక మీద ఏ మచ్చా పడనివ్వదు, తియ్యగా దిగిపోతుంది. దాని మచ్చ తెల్లవారి ఆసుపత్రి మంచం మీద తెలుస్తుంది. అప్పటికి పళ్లెం పెట్టే వ్యవధి ఉండదు. అందుకే గ్లాసులో కాస్త చేదు ఉండనివ్వండి, దాన్ని మీ ముందే కలపమనండి. మొదటి గుక్కకు మొహం చిట్లితే, లోపల కాపలా ఇంకా మేలుకునే ఉందన్నమాట.